విదేశీ టూర్‌లో పిల్లలకు ఏ షో చూపించాలి? నల్లగొండ, పాలమూరు స్కూళ్లకు సమగ్ర మార్గదర్శి

మన జిల్లాల ప్రైవేటు స్కూళ్లు కొన్ని ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని సింగపూర్‌కో లండన్‌కో తీసుకెళ్తున్నాయి. టూర్ ఆపరేటర్ ఇచ్చే కాగితంలో మ్యూజియం, పెద్ద చక్రం, పడవ షికారు అన్నీ వివరంగా ఉంటాయి. నాటకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘సాయంత్రం వెస్ట్ ఎండ్ షో’ (వెస్ట్ ఎండ్ అంటే లండన్‌లో పెద్ద నాటకశాలలుండే ప్రాంతం) అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఏ షో, ఏ సీట్లు, ఎన్ని గంటలకు అన్నది ఎవరూ అడగరు. చివరికి నలభై మంది పిల్లల్లో ముప్పై మంది కుర్చీల్లోనే నిద్రపోతారు.

షో పేరు ఎంత పెద్దదన్నది చివర్లో చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి మూడు: ఆ వేళకు పిల్లలు మేలుకుని ఉంటారా, ఆ ఇంగ్లిష్ వాళ్లకు అందుతుందా, కూర్చున్న చోటు నుంచి స్టేజీ కనిపిస్తుందా. ఈ లెక్కలన్నీ ప్రధానంగా లండన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. నాటకం కోసమే వెళ్లదగ్గ ఊరు అది. సింగపూర్, దుబాయ్, న్యూయార్క్ సంగతి మధ్యలో వస్తుంది.

మొదటి అడుగు: వారం ఖాయం చేసుకోవడం

మన బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఈ ఏడు వారాల్లో ఏ వారమైనా ఒకటే అనుకుంటే టికెట్ల దగ్గర దెబ్బ తింటారు. లండన్ థియేటర్లలో చాలావాటికి స్కూల్ పిల్లల కోసం ప్రత్యేక ధర ఉంటుంది. అది దాదాపుగా సోమవారం నుంచి గురువారం వరకే, అదీ అక్కడి బడులు నడుస్తున్న రోజుల్లోనే ఇస్తారు. బ్రిటన్‌లో మే చివరి వారం బడులకు సెలవు. మే మొదటి సోమవారం, చివరి సోమవారం అందరికీ సెలవే. ఆ చివరి వారంలో స్కూల్ ధర దొరకదు, పైగా కుటుంబాలన్నీ థియేటర్ల మీదే పడతాయి కాబట్టి మామూలు ధర కూడా పెరుగుతుంది. మే మొదటి సోమవారం దాటాక సుమారు 20వ తేదీ వరకు ఉన్న రోజులే మనకు అనుకూలం.

దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకూ ఇదే సూత్రం. అక్కడ అక్టోబర్ చివర్లో ఒక వారం సెలవు వస్తుంది, అది తగలకుండా చూసుకోండి. సంక్రాంతి సెలవులు లండన్‌కు చాలవు. రానుపోను ప్రయాణానికే రెండు రోజులు పోతాయి.

ఏ తరగతి పిల్లలన్నది కూడా ఇక్కడే తేలాలి. పదో తరగతి పిల్లలకు మార్చి, ఏప్రిల్ మొదట్లో బోర్డు పరీక్షలు. వీసా పనులు సరిగ్గా అప్పుడే మీద పడతాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలైతే ఈ ఇబ్బంది తక్కువ.

రెండో అడుగు: గడియారం

మే నెలలో లండన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 7:30కి తెర లేచిందంటే మన నల్లగొండలో సరిగ్గా అర్ధరాత్రి 12. షో పది గంటలకు వదిలితే పిల్లల ఒంటికి అది తెల్లవారుజాము రెండున్నర. ముందు రోజు శంషాబాద్‌లో విమానం ఎక్కి, సరిగా నిద్రలేక దిగిన పిల్లవాడు ఎంత గొప్ప షో అయినా ఇంటర్వెల్ దాకా కళ్లు తెరిచి ఉండలేడు. చలికాలంలో తేడా ఐదున్నర గంటలు, అంటే ఇంకో గంట అదనపు నిద్రమత్తు.

అందుకే దిగిన రోజు, మర్నాడు సాయంత్రం షో పెట్టుకోవద్దు. మొదటి రెండు రోజుల్లోనే చూడాల్సి వస్తే మ్యాటినీకి వెళ్లండి. లండన్‌లో మ్యాటినీ మధ్యాహ్నం 2 నుంచి 3 మధ్య మొదలవుతుంది, మన టైములో సాయంత్రం ఆరున్నర, ఏడున్నర కాబట్టి పిల్లలు హుషారుగానే ఉంటారు. అయితే మన సినిమా హాళ్లలోలాగా అక్కడ రోజూ మ్యాటినీ ఉండదు. చాలా షోలకు వారంలో రెండు మూడు రోజులే, ఎక్కువగా బుధవారం లేదా గురువారం, ఇంకా శనివారం. శనివారం స్కూల్ ధర రాదు. కాబట్టి మ్యాటినీ కావాలనుకుంటే బుధవారమో గురువారమో షో పెట్టుకుని, మిగతా టూర్ దాని చుట్టూ అల్లండి. ఆపరేటర్లు చేసేది దీనికి తలకిందులు. అన్నీ అమర్చాక మిగిలిన సాయంత్రంలో షోను ఇరికిస్తారు.

సాయంత్రం షోనే కావాలంటే నాలుగో రోజో ఐదో రోజో పెట్టండి. ఆ రోజు మధ్యాహ్నం హోటల్లో రెండు గంటలు పడుకోబెట్టాలి. కాగితం మీద ఇది వృథాలా కనిపిస్తుంది గానీ టికెట్ డబ్బు దక్కేది ఆ రెండు గంటల వల్లే.

సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి 7:30 షో అంటే మనకు సాయంత్రం ఐదు. చిన్న తరగతులకు ఈ కారణంగానే సింగపూర్ మేలు. దుబాయ్ గంటన్నర వెనక కాబట్టి అక్కడా నిద్ర బాధ పెద్దగా లేదు. న్యూయార్క్‌లో మే నెల సాయంత్రం 7 అంటే మనకు మర్నాడు తెల్లవారుజాము 4:30. అమెరికా వీసా తిప్పలు వేరే ఉన్నాయి. స్కూల్ బృందానికి దాన్ని సలహా ఇవ్వలేం.

మూడో అడుగు: పిల్లల చెవిని పరీక్షించడం

ఇంగ్లిష్ మీడియమే కదా, అర్థమవుతుందిలే అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు జరుగుతుంది. చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్ వేరు, ఇరవై మంది ఒకేసారి పాడుతుంటే పట్టుకోవాల్సిన బ్రిటిష్ యాస వేరు. మన పిల్లలకు అలవాటైనది టీచర్ గొంతు, క్రికెట్ వ్యాఖ్యానం, మహా అయితే అమెరికన్ కార్టూన్లు.

దీనికి చిన్న పరీక్ష ఉంది. అనుకున్న షోకు థియేటర్ వాళ్లే విడుదల చేసిన వీడియో ముక్కల్లోంచి మాటలు, పాట రెండూ ఉన్న మూడు నాలుగు నిమిషాలు ఎంచుకోండి. సబ్‌టైటిల్స్ లేకుండా రెండుసార్లు వినిపించండి. ఏం జరిగిందో తెలుగులో ఐదు వాక్యాలు రాయమనండి. ఇంగ్లిష్‌లో రాయమంటే రాయలేక ఆగిపోయారో, అర్థంకాక ఆగిపోయారో మీకు తెలియదు. సగం మందికి పైగా కథ పట్టుకుంటే మాటలు ఎక్కువున్న నాటకానికీ వెళ్లొచ్చు. మూడో వంతు మందే పట్టుకుంటే కళ్లతో చూసి ఆనందించే షో వైపు తిరగండి. టూర్‌కు డబ్బు కట్టిన పిల్లలందరితో ఈ పరీక్ష చేయించాలి. తరగతి ఫస్టు, సెకండు వచ్చే ఇద్దరిని అడిగి నిర్ణయిస్తే లాభం లేదు.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం లండన్ థియేటర్లు అప్పుడప్పుడు క్యాప్షన్ షోలు వేస్తాయి. స్టేజీ పక్కన తెర మీద ప్రతి మాటా అక్షరాల్లో కనిపిస్తుంది. వాటికి ఎవరైనా టికెట్ కొనుక్కోవచ్చు. విని అందుకోలేని మాటను చదివి పట్టేసే మన పిల్లలకు అది వరమే. అయితే ఒక్కో షోకు ఇలాంటి రోజులు చాలా తక్కువ. తేదీ కలిసిందంటే మిగతా లెక్కలు పక్కనపెట్టి దాన్నే పట్టుకోవచ్చు. సీట్లు అడిగేటప్పుడు తెర కనిపించే వైపే కావాలని చెప్పండి. వినికిడి లోపం ఉన్న ప్రేక్షకులకే అక్కడ మొదటి ప్రాధాన్యం కాబట్టి ముందుగా అడగాలి.

నాలుగో అడుగు: షోలను తూచడం

లయన్ కింగ్ 1999 నుంచి లైసియం థియేటర్‌లో ఆడుతోంది, ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలు. కథ పిల్లలకు ముందే తెలుసు, మిగతాదంతా కంటికి పండగ. మొదటి పాట జులూ భాషలో మొదలవుతుంది కాబట్టి ఆ క్షణంలో లండన్ పిల్లవాడూ దేవరకొండ పిల్లవాడూ సమానమే. నటుడు, అతను ఆడించే బొమ్మ రెండూ ఒకేసారి మనకు కనిపించడం ఈ షో ప్రత్యేకత. తోలుబొమ్మలాట చూసిన పిల్లలకు ఇది ఇట్టే అందుతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, మొదటిసారి నాటకం చూసేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఒక్క హెచ్చరిక: జంతువులు ప్రేక్షకుల మధ్య నడవల్లోంచి స్టేజీ మీదికి వెళ్లేది మొదటి పాటలోనే. ఐదు నిమిషాలు ఆలస్యమైతే బయటే ఆపేస్తారు, షోలో అందరూ చెప్పుకునే ఘట్టం పోయినట్టే.

మటిల్డా 2011 నుంచి కేంబ్రిడ్జ్ థియేటర్‌లో ఉంది. బడి, టీచర్లు, అల్లరి పిల్లలు, పుస్తకాలు చదివే పిల్ల, ఇదీ సరంజామా. మన పిల్లలకు కథ బాగా దగ్గరవుతుంది గానీ పాటల్లో మాటలు చాలా వేగంగా దొర్లుతాయి. ముందే కథ చెప్పకుండా, పాటలు వినిపించకుండా తీసుకెళ్తే సగం జోకులు గాల్లో కలిసిపోతాయి. పిల్లల్ని హింసించే హెడ్‌మిస్ట్రెస్ పాత్ర ఒకటుంది. మీ స్కూల్ హెచ్‌ఎం కూడా వస్తుంటే ఇంటర్వెల్‌లో పిల్లల గుసగుసలకు సిద్ధంగా ఉండాలి.

వికెడ్ 2006 నుంచి అపోలో విక్టోరియాలో ఆడుతోంది, రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. పెద్ద హాలు కావడం, విక్టోరియా స్టేషన్ ఎదురుగా ఉండడం పెద్ద బృందానికి అనుకూలం. ఎనిమిది, తొమ్మిది తరగతులకు బాగుంటుంది.

లే మిజరాబ్ల మీద పెద్దవాళ్లకు మోజు ఎక్కువ. 1985 నుంచి లండన్‌లో ఉన్న షో, సంగీతం గొప్పది. కానీ దాదాపు మొత్తం పాటే, మామూలు మాటలు లేవనే చెప్పాలి. మూడు గంటలకు కాస్త తక్కువ నిడివి, చావులు చాలా ఉంటాయి, వేశ్యావాటిక దృశ్యం కూడా ఉంది. కథ తెలియకుండా కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఎవరు ఎవర్ని ఎందుకు తరుముతున్నారో తెలియదు. ఇంటర్మీడియట్ పిల్లలకైతే సరే, స్కూల్ బృందానికి వద్దు. ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా 1986 నుంచి నడుస్తోంది. కథ సులువు, సెట్టింగులు ఘనం, తొమ్మిదో తరగతి నుంచి చూపించవచ్చు.

మౌస్‌ట్రాప్ 1952లో మొదలైంది. 2020లో కోవిడ్‌తో ఆగేవరకు నడుస్తూనే ఉంది, తర్వాత మళ్లీ మొదలైంది. పాటలు లేవు, ఒకే గదిలో మాటల మీద నడిచే హత్యా మిస్టరీ. సెయింట్ మార్టిన్స్ థియేటర్‌లో సీట్లు 550 మాత్రమే కాబట్టి ఎక్కడ కూర్చున్నా మొహాలు కనిపిస్తాయి. మూడో అడుగులో చెప్పిన పరీక్షలో బాగా నెగ్గిన బృందానికి మాత్రమే.

పిల్లలు మొదట అడిగే పేరు హ్యారీ పాటర్. మీ తేదీన అది ఒకే భాగంగా వేస్తున్నారా, రెండు భాగాలుగానా అన్నది చూసి గానీ మాట ఇవ్వవద్దు. రెండు భాగాలైతే మొత్తం ఐదు గంటలు దాటుతుంది, ఒక రోజంతా దానికే పోతుంది.

థేమ్స్ ఒడ్డున షేక్‌స్పియర్ గ్లోబ్ ఉంది. పాత కాలపు నాటకశాలను పోలినట్టు కట్టి 1997లో తెరిచారు. మధ్యలో పైకప్పు లేదు. ముందు 700 మంది నిలబడి చూసే చోటు ఉంది, టికెట్ చాలా చవక. చవక కదా అని ఆపరేటర్లు పిల్లల్ని అక్కడ నిలబెట్టడానికి చూస్తారు. రెండున్నర, మూడు గంటలు నిలబడాలి, కూర్చోనివ్వరు, వాన వచ్చినా గొడుగు తెరవనివ్వరు, రెయిన్‌కోటే గతి. పైగా నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లిష్. నాటకం బదులు పగటిపూట గైడ్‌తో ఆ కట్టడాన్ని చూపించే టూర్ తీసుకోండి. ఇంగ్లిష్ పాఠానికి కావాల్సినంత అక్కడ దొరుకుతుంది. పిల్లల కాళ్లూ దక్కుతాయి.

సింగపూర్‌లో లండన్‌లాగా ఏళ్ల తరబడి ఒకే షో ఆడదు. 2002లో తెరిచిన ఎస్ప్లనేడ్‌లోనూ, మెరీనా బే సాండ్స్ థియేటర్‌లోనూ ఊళ్లు తిరిగే షోలు కొన్ని వారాలు ఆడి వెళ్లిపోతాయి. కాబట్టి అక్కడ షోను బట్టి తేదీ పెట్టుకోవాలి. దుబాయ్ ఒపేరా 2016 నుంచి ఉంది గానీ, మే, జూన్ ఎండల్లో అక్కడ షోలు పలచబడతాయి.

వారం రోజుల టూర్‌కు ఒక్క షో చాలు. రెండోది పెట్టాలన్న ఉబలాటం టీచర్లదే తప్ప పిల్లలది కాదు.

ఐదో అడుగు: ఏముందో ముందే తెలుసుకోవడం

మనకు సినిమాకు యు, యుఎ అని సర్టిఫికెట్ చూడటం అలవాటు. లండన్ నాటకానికి అలాంటిదేమీ ఉండదు. 1968లో అక్కడ నాటకాల మీద సెన్సార్ ఎత్తేశారు. థియేటర్ వెబ్‌సైట్‌లో ‘ఫలానా వయసు పైవారికి’ అని రాసేది సలహా మాత్రమే. సింగపూర్‌లో మాత్రం ప్రదర్శనలకు ప్రభుత్వం వయసు రేటింగ్ ఇస్తుంది. లండన్ షో అయితే ఒక టీచర్ కూర్చుని కథ మొత్తం, దృశ్యం వెంట దృశ్యం, చదవాల్సిందే. ముద్దులు, బూతులు, తాగుడు, దేవుడి మీద వ్యాఖ్యలు ఎక్కడున్నాయో కాగితం మీద పెట్టుకుని, పేరెంట్స్ మీటింగ్‌లో ముందే చెప్పేయండి. వచ్చాక పిల్లల నోట విని తెలుసుకున్న తండ్రి అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం కష్టం.

ఇంకో వివరం ఉంది. మెరుపుల్లా కొట్టుకునే లైట్లు, తుపాకీ చప్పుళ్లు, పొగ వాడే షోలకు ఆ హెచ్చరిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫిట్స్ వచ్చే పిల్లలున్నా, ఆస్తమా ఉన్నా తల్లిదండ్రులను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. వెస్ట్ ఎండ్ హాళ్లు చాలావరకు వందేళ్లకు పైబడిన కట్టడాలు, పై అంతస్తులకు లిఫ్ట్ లేనివే ఎక్కువ. కాలు ఇబ్బంది ఉన్న పిల్లలుంటే బుకింగ్ రోజే చెప్పండి. చక్రాల కుర్చీకి చోట్లు రెండు మూడే ఉంటాయి.

ఆరో అడుగు: సీట్లు

మన ఊరి హాళ్లలో బాల్కనీ ఖరీదు, తెర ముందు చవక. లండన్‌లో కింద ఉన్న స్టాల్స్, దాని పైన డ్రెస్ సర్కిల్ ఖరీదైనవి. ఇంకా పైకి వెళ్లేకొద్దీ చవక. బాల్కనీ అని రాసి ఉంటే అన్నిటికన్నా పైన, నిట్టనిలువుగా, కాళ్లు ముడుచుకుని కూర్చునే చోటు. ఆపరేటర్ ‘బాల్కనీ సీట్లు ఇప్పించాం’ అంటే పొంగిపోవద్దు.

పాత హాళ్లలో స్తంభాలుంటాయి. వాటి వెనక సీట్లను ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’ అని తక్కువకు అమ్ముతారు. స్టాల్స్‌లో వెనక వరుసల్లో ఇంకో చిక్కుంది: పైనున్న సర్కిల్ ముందుకు పొడుచుకుని వచ్చి స్టేజీ పై భాగాన్ని మూసేస్తుంది. ఫాంటమ్‌లో అందరూ ఎదురుచూసేది పైనున్న పెద్ద షాండ్లియర్ (వేలాడే దీపాల గుత్తి) కోసం. స్టాల్స్ చివరి వరుసల్లో కూర్చుంటే పైనున్నప్పుడు అది కనబడదు. లయన్ కింగ్‌కు స్టాల్స్‌లో నడవ పక్క సీట్లు, లేదా డ్రెస్ సర్కిల్ ముందు వరుసలు మంచివి.

నలభై మంది పిల్లలు, నలుగురు టీచర్లు అనుకోండి. అందరినీ ఒకే పొడుగు వరుసలో పెట్టవద్దు. పదకొండు మంది చొప్పున నాలుగు వరుసలు, ఒకదాని వెనక ఒకటి అడగండి. ప్రతి వరుసలో నడవ వైపు టీచర్ కూర్చుంటే ఎవరు లేచినా ఆయన్ను దాటే వెళ్లాలి. ఎత్తంటే భయపడే పిల్లలుంటే అప్పర్ సర్కిల్ మొదటి వరుస వద్దు, ఎదురుగా ఉండే రెయిలింగ్ ఎత్తు తక్కువ.

ఏడో అడుగు: టికెట్, డబ్బు, వీసా మూడూ కలిపి నడపడం

ఇక్కడ ఒకటి తప్పితే మూడూ తప్పుతాయి, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

స్కూల్ ధర చాలా షోలకు 20 నుంచి 40 పౌండ్ల మధ్య ఉంటుంది. పది మంది పిల్లలకు ఒక టీచర్ టికెట్ ఉచితంగా ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. 30 పౌండ్ల చొప్పున నలభై మందికి 1,200 పౌండ్లు. పౌండుకు 115 రూపాయలు వేసుకుంటే 1,38,000, అంటే పిల్లవాడికి 3,450. ఆపరేటర్ షో పేరిట మనిషికి పది వేలు వేస్తే విడిగా లెక్క చూపించమనండి. విదేశీ బడులకు స్కూల్ ధర వర్తిస్తుందా అని థియేటర్ గ్రూప్ బుకింగ్ విభాగానికి ముందే ఈమెయిల్ రాయాలి. స్కూల్ లెటర్‌హెడ్, స్కూల్ పేరున్న ఈమెయిల్ అడగవచ్చు. హెచ్‌ఎం సొంత ఈమెయిల్ నుంచి రాస్తే పట్టించుకోకపోవచ్చు. స్కూల్ ధర ఇవ్వకపోతే మామూలు గ్రూప్ ధర అడగండి. ఏజెంట్ ద్వారా కొంటే ‘స్టార్’ అనే అక్కడి టికెట్ ఏజెంట్ల సంఘం గుర్తు ఉన్నవాళ్ల దగ్గరే కొనాలి. లెస్టర్ స్క్వేర్‌లో చవక టికెట్లు అమ్మే బూత్ ఇద్దరు ముగ్గురికి పనికొస్తుంది. నలభై నాలుగు సీట్లు పక్కపక్కన అక్కడ దొరకవు.

గ్రూప్ బుకింగ్‌లో సీట్లు పట్టి ఉంచి, మొత్తం డబ్బు షోకు కొన్ని వారాల ముందు, చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, కట్టమంటారు. కట్టాక వెనక్కి రాదు. అంతకుముందైతే సంఖ్య తగ్గించుకోవచ్చు. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, జవాబుకు మామూలుగా మూడు వారాలు. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే దారి కనిపిస్తుంది. షో మే 13న అనుకుంటే, ఫిబ్రవరి మూడో వారంలోపు హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో పిల్లలందరి వేలిముద్రలు అయిపోవాలి. మార్చి రెండో వారానికి వీసాలు చేతికొస్తాయి. మిగతా డబ్బు మార్చి మూడో వారంలో కడతారు. ఎవరికైనా వీసా రాకపోతే అప్పటికి సంఖ్య తగ్గించే వీలుంటుంది. మార్చిలో దరఖాస్తు చేస్తే వీసా రాకముందే టికెట్ డబ్బు కట్టాల్సి వస్తుంది.

వెనక్కి లెక్కేస్తే: సీట్లు పట్టుకోవడం డిసెంబర్‌లో, షో నిర్ణయం నవంబర్‌లో, పాస్‌పోర్టులు అక్టోబర్ లోపు. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు కాబట్టి ఇదివరకు తీసినవాళ్లదీ తేదీ చూడాలి. తల్లిదండ్రులు లేకుండా వెళ్లే పిల్లల వీసా మీద వెంట వచ్చే పెద్దవాళ్ల వివరాలు నమోదవుతాయి. ఆఖరి నిమిషంలో టీచర్‌ను మారిస్తే విమానాశ్రయంలో ఇబ్బంది. వచ్చేది ఎవరో ఫిబ్రవరిలోనే ఖాయం చేసి, మార్చకండి.

డబ్బు పంపేటప్పుడు రెండు చిక్కులు. కార్డుతో అయితే విదేశీ లావాదేవీలు, రోజువారీ పరిమితి రెండూ బ్యాంకు యాప్‌లో ముందే తెరిచి పెట్టుకోవాలి. బ్యాంకు ద్వారా అయితే విదేశీ మారకం చూసే బ్రాంచ్‌కు వెళ్లాలి, ప్రతి బ్రాంచ్‌లో ఆ పని జరగదు. విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే ఎ2 ఫారం నింపేటప్పుడు చార్జీలన్నీ పంపేవాళ్లే భరిస్తారు అన్న ఎంపిక పెట్టండి. లేకుంటే మధ్యలో బ్యాంకులు కోసుకుని 1,200 బదులు ఓ 1,180 పౌండ్లు చేరతాయి. అక్కడ బుకింగ్ ‘పూర్తిగా చెల్లించలేదు’ అని నిలిచిపోతుంది.

ఆపరేటరే అంతా చూసుకుంటే ఒప్పందంలో ఆరు మాటలు ఉండాలి: షో పేరు, థియేటర్, తేదీ, వేళ, సీట్ల విభాగం వరుసలతో సహా, టికెట్ మీద ఉన్న అసలు ధర. ‘లభ్యతను బట్టి’ అన్న మాట ఉంటే కొట్టేయించండి. అది ఉన్నంతకాలం ఏ షోకు తీసుకెళ్లినా మీరు అడగలేరు.

ఎనిమిదో అడుగు: పిల్లల్ని సిద్ధం చేయడం

బయల్దేరే ముందు మూడు వారాలు, వారానికి రెండు పీరియడ్లు చాలు. మొదటి వారం కథ మొత్తం తెలుగులో చెప్పేయాలి, ముగింపుతో సహా (మౌస్‌ట్రాప్‌కు మాత్రం ముగింపు చెప్పొద్దు). కథ తెలిస్తే మజా పోతుందన్నది సినిమా భయం. కృష్ణ రాయబారం కథ తెలియనివాళ్లు ఎవరూ లేకపోయినా జనం తెల్లవార్లూ కూర్చుని చూశారు. రెండో వారం ముఖ్య పాత్రలు ఆరింటిని చార్టు మీద రాసి ఎవరికి ఎవరు ఏమవుతారో గీతలు గీయించండి. ఆ వారమే మూడు నాలుగు పాటలు మాటలు చూస్తూ వినిపించాలి. మూడో వారం చూడకుండా వినిపించండి.

ఇక అలవాటు. రెండున్నర గంటలు ఫోన్ లేకుండా చీకట్లో కదలకుండా కూర్చోవడం చాలామంది పిల్లలకు కొత్త. రవీంద్రభారతిలో నాటకమో, 1885 నుంచి సాగుతున్న సురభి వాళ్ల ప్రదర్శనో ఉన్న రోజు చూసుకుని ఒకసారి తీసుకెళ్లండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరమే. సురభిలో మనుషులు గాల్లో ఎగరడం, సెట్టింగులు క్షణాల్లో మారడం చూసిన పిల్లలు లండన్ స్టేజీ మీద ‘ఇది ఎలా చేశారు’ అని వెతుకుతారు. ఉత్తినే నోరు తెరుచుకుని చూడటం కన్నా అది మేలు. హీరో రాగానే ఈల వేయడం అక్కడ కుదరదనీ, పాట అయ్యాక ఎంత చప్పట్లైనా కొట్టొచ్చనీ చెప్పాలి. ఫొటోలు, వీడియోలు అసలు వద్దు.

తొమ్మిదో అడుగు: షో రోజు

తెర లేవడానికి 45 నిమిషాల ముందు థియేటర్ దగ్గర ఉండాలి. సంచులు తనిఖీ చేస్తారు, సూట్‌కేసులు లోపలికి రానివ్వరు. హోటల్ ఖాళీ చేసిన రోజున షో పెట్టుకుంటే సామాను ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ. టికెట్లు పిల్లల చేతికి పొద్దున్నే ఇవ్వొద్దు, గుమ్మం దగ్గర వరుసల వారీగా ఇవ్వండి.

రాత్రి షోకు వెళ్తే అన్నం సాయంత్రం 5:30కే తినిపించాలి. పది దాటాక నలభై మందికి శాకాహారం వెతకడం తేలిక కాదు, హోటల్లో పెరుగన్నమో పులిహోరో చెప్పి ఉంచాలి. బయటి తిండి థియేటర్లలో చాలాచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకున్నా సకినాలు, కారప్పూస మాత్రం బస్సులోనే వదిలేయాలి. స్టేజీ మీద ఎవరో చనిపోతున్న నిశ్శబ్దంలో ఒక్క సకినం విరిగితే ముందు మూడు వరుసలు వెనక్కి తిరుగుతాయి.

ఇంటర్వెల్ 15 నుంచి 20 నిమిషాలు. పాత హాళ్లలో మరుగుదొడ్లు తక్కువ, ఆడవాళ్ల వైపు క్యూ మెట్లదాకా వస్తుంది. లోపలికి వెళ్లగానే, షో మొదలవకముందే అందరినీ ఒకసారి పంపండి. ఇంటర్వెల్‌లో అవసరమైనవాళ్లనే, లైట్లు వెలిగిన క్షణంలోనే లేపాలి. రెండో సగం మొదలయ్యే ముందు ప్రతి టీచరూ తన వరుస లెక్క చూసుకోవాలి.

షో వదిలాక రెండు వేల మంది ఒకేసారి రోడ్డు మీదికి వస్తారు. బస్సు థియేటర్ ముందు ఆగనివ్వరు, కాబట్టి ఎక్కడ ఎక్కాలో పగలే నడిచి చూసి రావాలి. జనం పలచబడేదాకా పది నిమిషాలు సీట్లలోనే కూర్చోండి. ఇంకో సంగతి ఆపరేటర్‌ను ముందే అడగాలి: బ్రిటన్‌లో బస్సు డ్రైవర్‌కు రోజుకు 11 గంటల విశ్రాంతి తప్పనిసరి, వారంలో కొన్ని రోజులే దాన్ని 9కి తగ్గించే వీలుంది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరిన డ్రైవర్ మామూలుగా రాత్రి తొమ్మిదికి దిగిపోవాలి, షో వదిలేదేమో పదింటికి. ఆ రోజు బస్సు ఆలస్యంగా మొదలుపెట్టించండి, లేదా రెండో డ్రైవర్ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించండి.